తాటిపూలలో తామర పురుగు: కొత్త జాతి అని ఎప్పుడు అనొచ్చు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. నాలుగడుగులు వేస్తే అవతల పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అప్పటినుంచి జీలుగు, తాటి, ఈత, కొబ్బరి పూలలో ఉండే సూక్ష్మమైన పురుగుల్ని పోగుచేస్తున్నాను. తెల్ల పళ్లెం, చిన్న బ్రష్షు పట్టుకుని చెట్ల కింద తిరిగే ముసలాయన్ని చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు, సవరలో కొందరు, అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. జవాబులు ఒకచోట రాసి పెడితే నాకూ గొంతు నొప్పి తగ్గుతుంది.

ఇంతకీ ఏ పురుగు?

తామర పురుగు. ఇంగ్లీషులో త్రిప్స్. ఒక్కటున్నా త్రిప్సే, వెయ్యి ఉన్నా త్రిప్సే. పొడవు మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. తెల్ల కాగితం మీద బాల్‌పెన్నుతో చిన్న గీత గీయండి. ఆ గీత నడిచిందంటే అదే తామర పురుగు.

రెక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా వెడల్పుగా ఉండవు. సన్నటి పుల్లకు రెండు పక్కలా వెంట్రుకలు గుచ్చినట్టుంటాయి. అందుకే ఈ వర్గానికి థైసనోప్టెరా అని పేరు, అంటే కుచ్చు రెక్కలవి. పాదం చివర చిన్న బుడగ ఉబ్బుతుంది, దాంతో నున్నటి రేకు మీదా పట్టు జారదు. నోరు మరీ చిత్రం. ఎడమ దవడ ఒక్కటే ఎదుగుతుంది, కుడిది ఎదగదు. ఆ ఒక్కదాంతో పూరేకుకో పుప్పొడి గింజకో కన్నం పెట్టి రసం పీలుస్తుంది. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టినవి ఆరు వేల జాతులకు పైనే, మన దేశంలో ఏడు వందలు దాటాయి.

తాటి కుటుంబపు పూలలో ఇవొక్కటే ఉండవు. చిన్న ముక్కు పురుగులు, రసం తాగే పెంకు పురుగులు, చీమలు, తేనెటీగలు, అదొక సంత. నేను తామర పురుగుల కొట్టు దగ్గరే ఆగిపోయాను.

కొబ్బరిచెట్టును చంపేది ఇదేనా?

కాదు. మొవ్వులో కన్నం పెట్టేది కొమ్ము పురుగు. మాను లోపల తినేసేది ఎర్రముక్కు పురుగు. అవి బొటనవేలి గోరంత, అంతకన్నా పెద్దవి కూడా. మన పురుగును ఆ గోరు మీద వరసగా పది నిలబెట్టొచ్చు.

తామర పురుగంటే మిరపతోటను నాశనం చేసేదే కదా? మందు కొట్టక పేర్లు పెట్టడమేమిటి?

అడిగేవాళ్ళ కోపం నాకు తెలుసు. 2021లో ఆంధ్రా, తెలంగాణ మిరప తోటల్ని ముంచిన నల్ల తామర పురుగును ఎవరు మరచిపోతారు? మా బంధువుల తోట కూడా పోయింది. కానీ పేరు విలువ తెలియాలంటే ఆ కథే చూడాలి.

మిరపకు మనవాళ్ళకు తరతరాలుగా తెలిసిన తామర పురుగు వేరు. దాని పేరు స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్. 1919లో హుడ్ అనే అమెరికన్ పేరు పెట్టాడు. అది లేత ఆకుల మీద పడుతుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది, మనం పై ముడత అంటాం. 2021లో వచ్చింది త్రిప్స్ పార్విస్పైనస్. అది పువ్వు లోపల గుంపుగా చేరి పూత రాల్చేస్తుంది. బయటి నుంచి చూస్తే రెండూ గీతలే. పాత పురుగే కదా అని పాత మందులే కొట్టుకుంటూ పోయినవాళ్ళు ఎంతమంది! ఆ కొత్త పురుగు బెంగళూరు దగ్గర బొప్పాయి మీద ఉందని 2015లోనే గుర్తించారు. గుర్తించగలిగింది కూడా దానికి అప్పటికే ఒక పేరు, ఒక వర్ణన, పోల్చి చూసుకోవడానికి స్లైడు మీద ఒక నమూనా ఉన్నాయి గనకే.

ఇంకో మాట. ఆరు వేలలో పంటకు చేటు చేసేవి పిడికెడే. మిగతావాటికి మీ తోటతో పని లేదు. కొన్నయితే సాటి పురుగుల్ని, మొక్కల మీది నల్లుల్ని తిని బతుకుతాయి.

జీలుగు అంటే పొలంలో చల్లే పచ్చిరొట్ట జీలుగా?

అదొక జీలుగ, ఇదొక జీలుగు. నేను చెప్పేది కొండల్లో కల్లు గీసే జీలుగు చెట్టు. ఒడియాలో సలప అంటారు, శాస్త్రంలో కారియోటా యురెన్స్. ఆకు చేప తోకలా చీలి ఉంటుంది. పూలగెల గుర్రం తోకలా రెండు మూడు మీటర్లు వేలాడుతుంది. ఈ చెట్టు ముందు చిటారున గెల వేస్తుంది, తరవాత ఒక్కో కణుపు కిందికి దిగుతూ వస్తుంది. అట్టడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. పూలు మూడేసి కలిసి ఉంటాయి, నడుమ ఆడది, అటూ ఇటూ మగవి. మగ పూలు ముందు విచ్చి రాలిపోతాయి, ఆడపువ్వు తరవాత విచ్చుకుంటుంది. మగ పూలు విచ్చుకున్న ఆ కొద్ది రోజులే నా సీజను.

అంత చిన్న పురుగుకు ఆ పూలలో ఏం పని?

తిండి, నీడ, పిల్లల్ని పెట్టుకోవడం. పుప్పొడి తింటుంది, ఎండా వానా తగలకుండా రేకుల సందులో దాక్కుంటుంది, కొన్ని జాతులు రంపం లాంటి అవయవంతో రేకును కోసి లోపల గుడ్డు పెడతాయి. ఇన్నీ తీసుకున్నందుకు ఒంటికి అంటుకున్న పుప్పొడిని ఇంకో పువ్వుకు మోస్తుందా? ఈ ప్రశ్న దగ్గర చాలాకాలం అందరూ పొరబడ్డారు.

తాటి కుటుంబం అంతా గాలితోనే పరాగ సంపర్కం జరుపుకుంటుందని పాత పుస్తకాల్లో రాసేవారు. కాలేజీలో నేనూ అలాగే చెప్పాను, అప్పటి పిల్లలు క్షమించాలి. ఆ నమ్మకాన్ని పెద్ద ఎత్తున కదిలించింది పామాయిల్ చెట్టు. పడమటి ఆఫ్రికా నుంచి తెచ్చి మలేసియాలో తోటలు వేశారు. చెట్లు ఏపుగా పెరిగాయి కానీ కాయ సరిగ్గా పట్టలేదు. కూలీల్ని పెట్టి గెల గెలకీ పుప్పొడి చల్లించారు. అక్కడి పూలలో ఉన్నవి మన తామర పురుగులే, త్రిప్స్ హవాయియెన్సిస్ అనే జాతి. ఉన్నంతలో ఆ పని అవే చేశాయి, కానీ చాల్లేదు. రహ్మాన్ సయ్యద్ అనే కీటక శాస్త్రవేత్త కామెరూన్ వెళ్ళి చూస్తే, సొంత గడ్డ మీద ఆ చెట్టు మగ గెలల నిండా మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కు పురుగులు. ఆ ముక్కు పురుగు పేరు ఎలాయిడోబియస్ కామెరూనికస్. 1981లో వాటిని మలేసియాలో వదిలారు, ఇక కూలీలతో పని లేకపోయింది. 1985లో కేరళకు తెచ్చారు. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఏ పామాయిల్ తోటకైనా వెళ్ళి, విచ్చుకున్న మగ గెలను ఒక్కసారి విదిలించండి, చెయ్యంతా పాకుతాయి.

మధ్యధరా తీరంలో కామెరాప్స్ అని ఒక పొట్టి తాటి ఉంది. అది ముక్కు పురుగును పిలవడానికి వాసన వదిలేది పూలతో కాదు, ఆకులతో! చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మన తాటి సంగతీ ఆలోచించండి. పోతుతాడి వేరు, పెంటితాడి వేరు. పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరితేనే ముంజలు. మోసేది ఎవరో చెప్పాలంటే, ఆ పూలలో ఎవరెవరున్నారో ముందు పేర్లు తెలియాలి కదా.

అవి ఎలా దొరుకుతాయి? వల వేస్తారా?

వల పనికిరాదు. తెల్ల పళ్లెం చాలు. మా ఇంట్లో పాత ఎనామిల్ పళ్లెం ఒకటుంది, అంచు పెచ్చులూడింది, ఇప్పుడు దాన్ని వంటింట్లోకి రానివ్వరు.

రామగిరి వైపు ఒక సవర కుర్రవాడు నాకు సాయం చేస్తాడు. వాళ్ళ నాన్నా కల్లు గీసేవాడే. కొమ్మల మొదళ్ళు మెట్లలా వదిలిన ఒంటి వెదురును చెట్టుకు కట్టి ఎక్కుతాడు. మొదటిసారి నన్ను చూసి, "మాస్టారూ, అందరూ కల్లుకొస్తారు, మీరేటి పురుగులకొచ్చారు?" అన్నాడు. కల్లుకు గీసే గెల విచ్చుకోదు, కాబట్టి నాకు అతను గీయని గెల కావాలి. ఒక గెల వదిలెయ్యమంటే అతని కొన్ని వారాల రాబడి వదులుకోమనడమే. ఆ డబ్బు ముందే ఇస్తాను. పరిశోధన ఖర్చుల్లో ఇది రాయడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కితే పురుగులు చురుకెక్కి ఎగిరిపోతాయి. అతను ఒక పాయ కోసి, గుడ్డలో చుట్టి, తాడుతో మెల్లగా దించుతాడు. పళ్లెం మీద పెట్టి వేలితో రెండుసార్లు తడతాను. ముందు పసుపు పుప్పొడి పొడిలా రాలుతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తరవాత ఆ పొడిలోంచి గీతలు లేస్తాయి. ఒకటి తోక పైకెత్తి వంచుతుంది, ఎగరబోయే ముందు రెక్కల కుచ్చును అలా దువ్వుకుంటుంది. ఆ తోక ఎత్తిన క్షణంలోనే స్పిరిట్‌లో తడిపిన బ్రష్షు మొనతో అంటించి సీసాలో ముంచాలి. ఆలస్యమైతే అది లేదు. ముప్పై రాలితే పది దక్కుతాయి.

తరవాత? మైక్రోస్కోప్ కింద పెడితే అయిపోయిందా?

అసలు పని అక్కడే మొదలు. పురుగును అలాగే పెడితే నల్లటి ముద్ద కనిపిస్తుంది. ఒంట్లో ఉన్నదంతా తీసేసి, చర్మం ఒక్కటీ గాజులా మిగలాలి.

సీసాలోంచి తీసి నీళ్ళలో కడిగి, అయిదు శాతం కాస్టిక్ సోడాలో నానబెడతాను. సన్నటి సూదితో పొట్ట కింద చిన్న కన్నం పెట్టి మెల్లగా నొక్కితే లోపలిది బయటికొస్తుంది. మళ్ళీ కడగాలి. కాళ్ళు, రెక్కలు, మీసాలు విడదీసి చాపాలి. తరవాత ఆల్కహాల్ మెట్లు: డెబ్భై శాతం, ఎనభై, తొంభై అయిదు, చివరికి నీరు బొత్తిగా లేనిది. ఆపైన లవంగ నూనెలో కాసేపు. అప్పుడు కవర్ స్లిప్ అనే పలచటి గాజు బిళ్ళ మీద కెనడా బాల్సమ్ అనే జిగురు బొట్టు పెట్టి, అందులో పురుగును వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి స్లైడును ఆనించి తిప్పేయాలి. ఆరడానికి వారాలు పడుతుంది. నాకు ఓవెన్ లేదు, చెక్కపెట్టెలో నలభై వాట్ల బల్బు పెట్టుకున్నాను. ఇల్లంతా లవంగాల వాసన. పక్కింటావిడ మా ఆవిడను అడిగిందట, మాస్టారికి ఇంకా పంటినొప్పి తగ్గలేదా అని.

తప్పు చేయని ఏడాది లేదు. కిందటేడు ఒక రాత్రి కరెంటు పోయింది. పడుకుని లేచి చూద్దామని నాలుగు పురుగుల్ని కాస్టిక్ సోడాలోనే వదిలేసి మరచిపోయాను. రెండో రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. కాళ్ళొక చోట, మీసాలొక చోట. చర్మం ఎంత పలచనైపోయిందంటే మైక్రోస్కోప్ కింద కూడా వెంట్రుకలు లెక్కపెట్టలేకపోయాను. ఆ నాలుగూ మళ్ళీ దొరకని గెలవి. అప్పటినుంచి ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాను.

కొత్త జాతి అని ఎలా తెలుస్తుంది?

పురుగును చూస్తే తెలియదు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. దొరికిన రోజున ఏ పురుగూ కొత్తది కాదు. పాతవాటిలో ఏదీ కాదని చూపించగలిగిన రోజున కొత్తదవుతుంది.

ముందు ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, ఏదో తేల్చాలి. పొట్ట చివరి ఖండం గొట్టంలా ఉంటే ఒక ఉపవర్గం, ఆడదానికి రంపం ఉంటే ఇంకొకటి. అక్కడి నుంచి లెక్కలన్నీ వెంట్రుకల మీదే. తల మీద మూడు సరళ నేత్రాలుంటాయి, చుక్కల్లాంటి చిన్న కళ్ళు. వాటి చుట్టూ వెంట్రుకలు మూడు జతలుంటే ఫ్రాంక్లినియెల్లా అనే ప్రజాతి వైపు చూడాలి. ముందు జత లేక రెండే ఉంటే త్రిప్స్ ప్రజాతి కావచ్చు. మీసానికి ఎన్ని కణుపులు, ఏడా ఎనిమిదా? మూడో, నాలుగో కణుపు మీద జ్ఞానశంకువు, అంటే పరిసరాల్ని పసిగట్టే చిన్న మొన, ఒంటిదా, కవలకొమ్మలా చీలిందా? పొట్ట ఎనిమిదో ఖండం మీద సన్నటి దువ్వెన వరస శ్వాసరంధ్రానికి ముందుందా వెనకుందా? ముందు రెక్క నరం మీద వెంట్రుకలు వరసగా ఉన్నాయా, నడుమ ఖాళీ ఉందా? ఒక్కో పురుగుకు నా దగ్గర రెండు పేజీల కొలతలుంటాయి.

ఇవన్నీ తేలాక ఆ ప్రజాతిలో ఇప్పటికే పేరున్నవాటితో ఒక్కొక్కటిగా పోల్చాలి. మన అదృష్టం, ఈ దేశంలో తామర పురుగుల మీద టి. ఎన్. అనంతకృష్ణన్ గారు జీవితమంతా పనిచేశారు. మద్రాసు లయోలా కాలేజీలో పాఠం చెప్పారు, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు డైరెక్టరుగా కూడా ఉన్నారు. ఆయన రాసినవి లేకపోతే నాలాంటివాడు అడుగు కదపలేడు. కానీ బ్రిటిష్ కాలంలో బాగ్నల్ లాంటివాళ్ళు మన దేశపు పురుగులకు నాలుగు వాక్యాల వర్ణన రాసి వదిలేశారు. ఆ నాలుగు వాక్యాలు పది జాతులకు సరిపోతాయి. తేల్చాలంటే ఆయన చూసిన ఆ పురుగునే చూడాలి, అది లండన్ మ్యూజియంలో స్లైడు మీద ఉంది. ఉత్తరం రాసి ఫొటోలు అడగాలి, కాచుకోవాలి.

నేను పడిన గోతి కూడా చెబుతాను. మొదటి ఏడాది ఈత పూలలో రెండు రకాలు పట్టాను, ఒకటి ముదురు గోధుమ, ఒకటి లేత పసుపు. కొలతలూ తేడాగానే ఉన్నాయి. రెండూ కొత్తవే అనుకుని మూడు రాత్రులు కూర్చుని బొమ్మలు గీశాను. తరవాత సీసాల మీద తేదీలు చూసుకుంటే ముదురువన్నీ చలికాలానివి, లేతవన్నీ ఎండలు ముదిరాక పట్టినవి. తామర పురుగుల్లో చాలావాటికి చలిలో పెరిగితే ఒళ్ళు నలుపు, వేడిలో పెరిగితే తెలుపు. ఎండకు మనం నల్లబడతాం, అవి తెల్లబడతాయి. రెండూ ఒకే జాతి, అదీ త్రిప్స్ హవాయియెన్సిస్. 1913లోనే మోర్గన్ పేరు పెట్టాడు. ఆ పురుగు రంగు మార్చే గుణం వల్ల వేరువేరు దేశాల్లో వేరువేరు కొత్త జాతులుగా ఎన్నిసార్లో పేరు పెట్టించుకుంది. నేనొక్కణ్ణే మోసపోలేదని కొంచెం ఊరట.

డీఎన్ఏ చేయిస్తే ఒక్క రోజులో తేలదా?

సాయం చేస్తుంది, తేల్చదు. మైటోకాండ్రియాలోని ఒక జన్యువు ముక్క, దాదాపు 650 అక్షరాలు, చదివి కంప్యూటర్లో ఉన్నవాటితో పోలుస్తారు. సరిపోలితే సంతోషం. సరిపోలకపోతే? కొత్త జాతి అని ఎగిరి గంతేస్తారు పిల్లలు. కానీ వందేళ్ల కింద పేరు పెట్టిన ఎన్నో జాతులకు డీఎన్ఏ ఎవరూ చదవలేదు. మీది వాటిలో ఒకటి కావచ్చు.

అలాగని తీసిపారేయను. మన పై ముడత పురుగు స్కిర్టోత్రిప్స్ డార్సాలిస్ ఒకే జాతి కాదు, కంటికి ఒకేలా కనిపించే అనేక జాతుల గుంపు అని డీఎన్ఏ వల్లే బయటపడింది. ఒక చిక్కు మాత్రం ఉంది. డీఎన్ఏ కోసం తొంభై అయిదు శాతం ఆల్కహాల్లో వేస్తే పురుగు బిర్రబిగుసుకుపోయి స్లైడుకు లొంగదు. స్లైడు కోసం పలచటి దాంట్లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. నేను రెండు సీసాలు పట్టుకెళతాను.

ఫోన్‌తో ఫొటో తీసి పంపితే చెప్పగలరా?

తామర పురుగు అని చెప్పగలను. అంతకుమించి చెప్పేవాళ్ళను నమ్మకండి.

పేరు ఎవరు పెడతారు? మా ఎమ్మెల్యే గారి పేరు పెట్టొచ్చా?

నిజంగానే అడిగారు. అడ్డమేమీ లేదు. వర్ణన రాసి అచ్చువేసినవాళ్ళదే పేరు పెట్టే హక్కు. జంతువుల పేర్లకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది, ఇప్పుడు నడుస్తున్నది నాలుగో కూర్పు, 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. లెక్క 1758 నుంచి మొదలు, ఆ ఏడాది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రాసిన పుస్తకం నుంచి. త్రిప్స్ అనే పేరు పెట్టిందీ అందులోనే.

పేరు రెండు మాటలు, లాటిన్ లిపిలో ఉండాలి. మగవారి గౌరవార్థమైతే చివర ఇ, ఆడవారిదైతే ఏ లాంటి ప్రత్యయం వస్తుంది. ఊరి పేరైతే చివర ఎన్సిస్ తగిలిస్తారు, మహేంద్రగిరియెన్సిస్ అన్నట్టు. మాట ఏ భాషదైనా పరవాలేదు. సలప అనొచ్చు, జీలుగు అనొచ్చు, సవర మాట కూడా పెట్టొచ్చు. మా ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య తిరిగి వాళ్ళ భాషకు నిఘంటువు కట్టారు. ఆ కొండల్లో దొరికిన పురుగుకు లాటిన్ మాటే ఎందుకు వెతుక్కోవాలి అనిపిస్తుంది నాకు. సొంత పేరు పెట్టుకోకూడదని నియమం లేదు, కానీ పెట్టుకుంటే జీవితాంతం నవ్వుతారు.

పేరొక్కటీ అచ్చయితే చాలదు. దేనికన్నా ఎలా వేరో రాయాలి, ఏ ఒక్క పురుగు మీద ఆ పేరు నిలబడుతుందో చెప్పాలి, అది ఎక్కడ భద్రపరిచారో చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికలో వేస్తే జూబ్యాంక్ అనే రిజిస్టర్‌లో నమోదు కూడా ఉండాలి, ఇది 2012 నుంచి.

ఆ ఒక్క పురుగు మీ ఇంట్లోనే ఉంటుందా?

ఉండకూడదు. దాన్ని హోలోటైప్ అంటారు. పేరుకు అదే లంగరు. రేపు ఎవరికి సందేహం వచ్చినా ఆ స్లైడు తీసి చూడాలి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొత్త జాతి ఎవరు కనిపెట్టినా ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి, నమూనా అక్కడ అప్పగించాలి. జూలాజికల్ సర్వే అలాంటిదే, 1916 నుంచి ఉంది, కోల్‌కతాలో. కీటకాలకు బెంగళూరులో వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ఉంది. ఇంట్లో అట్టపెట్టెలో దాచుకున్న స్లైడు మన తరవాత పాతసామాన్లవాడికే పోతుంది.

స్లైడు చేరే దాకా టెన్షనే. ఒకసారి అయిదు స్లైడులు ఒక నిపుణుడికి పంపాను, దూది చుట్టి, గాజు అని ఎర్ర సిరాతో రాసి. పార్సిల్ తీసుకెళ్ళినవాళ్ళు దాని మీద ఏం పెట్టారో, మూడు పగిలాయి. అప్పటినుంచి ముఖ్యమైనవాటిని నేనే రైలెక్కి తీసుకెళుతున్నాను.

అడవిలో పురుగులు పట్టడానికి అనుమతి కావాలా?

రిజర్వు అడవిలో అయితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మహేంద్రగిరి కొండను ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, అక్కడ ఇంకా జాగ్రత్త. విదేశీయులైతే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేకుండా చేయకూడదు. నేను ఎక్కువగా ఊరి చెట్ల దగ్గరే ఉంటాను. ఇక్కడ చెట్టు యజమాని ఒప్పుకోవాలి, అది కొన్నిసార్లు అటవీ శాఖకన్నా కష్టం.

మీరు కొత్త జాతి కనిపెట్టారా, లేదా?

సూటిగా అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. జీలుగు పూలలో పట్టిన ఏడు ఆడ పురుగులు ఇప్పటిదాకా చూసిన ఏ వర్ణనకూ సరిపోలేదు. ఒక్క మగది దొరకలేదు. వీటిలో ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగవి పుడతాయి, కొన్ని జాతుల్లో అవి చాలా అరుదు. నియమం ప్రకారం ఒక్క ఆడ పురుగుతోనూ పేరు పెట్టొచ్చు. కానీ ఏడూ ఒకే చెట్టువి, ఒకే వారంలోవి. ఈత పూల దగ్గర తిన్న దెబ్బ గుర్తుంది కాబట్టి ఇంకో చెట్టు మీద, ఇంకో కాలంలో కూడా పట్టాలనుకుంటున్నాను. ఆ ఏడూ దొరికిన చెట్టుకు ఇంక రెండు గెలలే మిగిలాయి.

ఇంత ఆలస్యమైతే ఇంకెవరైనా ముందు పేరు పెట్టేస్తే?

పెట్టుకోనివ్వండి. ముందు వచ్చిన పేరే నిలుస్తుంది, అది నియమం. నా పని సగం తగ్గుతుంది.

వారంలో అచ్చువేస్తామనే పత్రికలు ఉన్నాయటగా?

నాకూ ఉత్తరాలొస్తాయి, "గౌరవనీయ ప్రొఫెసర్" అని. ఒక పత్రికకు ఊరికే పరీక్షిద్దామని సగం రాసిన ముసాయిదా పంపాను. రెండో రోజే అంగీకరించాం, రుసుము కట్టండి అని జవాబు. అందులో మగ పురుగు వర్ణన దగ్గర "తరవాత రాయాలి" అని ఉంది. ఎవరూ చదవలేదన్నమాట. కట్టలేదు.

అచ్చయ్యాక అది పాత జాతే అని తేలితే పరువు పోదూ?

కొత్త పేరు పాతదానికి పర్యాయపదంగా మిగిలిపోతుంది, జాబితాలో మన పేరు పక్కన. పెద్ద పెద్దవాళ్ళకే డజన్ల కొద్దీ ఉన్నాయి.

ఈ పురుగులు కల్లులో పడితే ప్రమాదమా?

లేదు. కల్లులో అంతకన్నా పెద్దవి పడతాయి, మీరు వడపోసుకునే తాగుతున్నారు.

మా ఊళ్ళో చెట్లకు పూత వచ్చింది. పట్టి పంపమంటారా?

తప్పకుండా. శ్రీకాకుళం, మన్యం వైపు వాళ్ళయినా, గుణుపురం, రాయగడ, మల్కనగిరి వాళ్ళయినా. మందుల షాపులో దొరికే స్పిరిట్ చాలు, శానిటైజర్ జిగురు వద్దు. ఇంజెక్షన్ సీసా శుభ్రంగా కడిగి, సగం పోసి, అందులో వేయండి. ఒక చెట్టుకు ఒక సీసా, రెండు చెట్లవి కలపొద్దు. పూలలో రెండు మూడు కూడా అదే సీసాలో పడేయండి, చెట్టు పేరులో పొరపాటుంటే పువ్వు చెబుతుంది.

ఒక కాగితం ముక్క మీద చెట్టు పేరు, మీ ఇంట్లో దాన్ని ఏమంటారో అదే, ఊరు, మండలమో బ్లాకో, జిల్లా, తేదీ, పట్టినవారి పేరు రాయండి. మగ చెట్టా ఆడ చెట్టా తెలిస్తే అదీ రాయండి. ఆ కాగితాన్ని సీసాకు బయట అంటించకండి, లోపల వేయండి. పెన్నుతో రాస్తే స్పిరిట్‌లో సిరా కరిగి, నా దగ్గరికి వచ్చేసరికి నీలం నీళ్ళు, తెల్ల కాగితం మిగులుతాయి. అలాంటి సీసాలు పదకొండు ఉన్నాయి నా బీరువాలో. పెన్సిల్‌తో రాయండి.